బెలూన్లకు ముందు

ఆల్ఫరెటా, జార్జియా
కనుమ మర్నాడు

ఏమే,

అవునే తల్లీ, డిస్నీ హాఫ్ మారథాన్ పూర్తిచేశాను. ఫొటోలో నా మెడలో వేలాడుతున్న డోనాల్డ్ డక్ పతకం గెలుచుకున్నదే, దుకాణంలో కొన్నది కాదు. టైమెంత అని అడుగుతావని తెలుసు. దాని చోటు వచ్చినప్పుడు నేనే చెబుతాను. ఈలోపు ఆన్‌లైన్‌లో నా పేరు కొట్టి వెతక్కు.

బాబాయిగారు చేతికర్ర లేకుండా వీధి చివరిదాకా వెళ్ళొచ్చారని రాశావు చూడు, అది ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. మా అత్తయ్యగారు అక్కడికక్కడే సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకుని, "అయితే ఆ పిల్ల తిరిగొచ్చేస్తుందా?" అన్నారు. ఆవిడ లెక్కలో నువ్వింకా పిల్లవే. నాకా హోదా ఎప్పుడో పోయింది.

బాబాయిగారి కోసం నువ్వు విశాఖపట్నం వెళ్ళిపోయావు కదా, నీ బిబ్ (అదే, పరుగు నంబరు) సంగతి ముందు చెప్పేస్తే ఓ పనైపోతుంది. తేలేకపోయాం. ఎవరి బిబ్ వాళ్ళే వెళ్ళి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించి తీసుకోవాలి. కట్టిన డబ్బు వెనక్కి రాదు, ఇంకొకరి పేరు మీదికి మారదు. మనిద్దరం మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కిన షరతులే ఇవన్నీ. మా అన్నయ్యగారైతే (మా వదిన భర్త, తెలుసుగా) "ఆవిడ నంబరు మా వాడికి తగిలిద్దాం, ఎవరు చూస్తారు?" అని చూశారు. వాళ్ళవాడు ఆరడుగులు, గడ్డం. వాడు గనక నీ పేరున పరుగెత్తి ఉంటే, ఆడవాళ్ళ విభాగంలో నీకు కళ్ళు చెదిరే టైమొచ్చి విశాఖపట్నమంతా తలెత్తుకు తిరిగేదానివి. కుదర్లేదు.

ఇంతకీ నీ అసలు ప్రశ్నకొస్తా. "200 డాలర్లు దాటి పోసి, ఏడు గంటలు కారు తోలుకెళ్ళి, అర్ధరాత్రి లేచి పరుగెత్తడమేమిటే? అది పరుగు కాదు, జాతర. ఇక్కడ ఆర్కే బీచ్ పొద్దున్నే ఊరికే దొరుకుతుంది" అని కదూ? నిజమే, జాతరే. కాదని ఎవరన్నారు? కానీ ఒక్క మాట. ఆ జాతరలో కూడా దూరం మాత్రం నీ నేవీ మారథాన్ హాఫ్ ఎంతో అంతే, 13.1 మైళ్ళు, 21.1 కిలోమీటర్లు. మిక్కీ మౌస్ పక్కన నిలబడి ఫొటో దిగినంత మాత్రాన ఒక్క గజం తగ్గించరు. పైగా నువ్వు అన్నట్టు సరదా మనుషులే అయితే, గ్రీన్‌వే దారిలో మాతో పరుగెత్తే ముఠాలోని పొడుగాయన శనివారం మాతో హాఫ్ చేసి ఆదివారం ఫుల్ ఎందుకు చేస్తాడు? రెండూ కలిపి 39.3 మైళ్ళు, దానికి గూఫీ పేరుతో ఇంకో పతకం. గురువారం 5కె, శుక్రవారం 10కె కూడా కలుపుకుని నాలుగు రోజులూ పరుగెత్తేవాళ్ళూ ఉన్నారు, మొత్తం 48.6 మైళ్ళు. ఇదంతా విని అత్తయ్యగారు అడిగింది ఒకటే: "వాళ్ళకి ఇంట్లో పనుండదా?"

మన పటాలం గురించి చెప్పనే లేదు కదూ. నేను, మా ఆయన, మా అమ్మాయి (14 నిండితేగానీ హాఫ్‌లోకి రానివ్వరు, దానికి నిండాయి, తక్కువ వాళ్ళం మేమే అన్నట్టు చూస్తుంది), వదిన, అన్నయ్యగారు, వాళ్ళ గడ్డం కుర్రాడు, గ్రీన్‌వే ముఠా. మడమ నొప్పితో ఆగిపోయిన మన సరోవరం వీధి ఆవిడ లేదూ, ఆవిడ అత్తయ్యగారినీ మా చిన్నాడినీ చూసుకుంటానంది. వదినకి మోకాళ్ళ సంగతి, షుగరు సంగతి నీకు తెలుసు. ఆవిడ పేరు కట్టిందే డాక్టరు నడవమన్నాడని. "నడవమన్నాడు గానీ ఫ్లోరిడాలో నడవమన్లేదు కదా" అని మా ఆయన తన అక్కగారిని ఏడిపిస్తూనే ఉన్నాడు.

అందరం కలిసే మొదలెట్టి కలిసే పూర్తిచేయాలని కారులో ఒట్టు పెట్టుకున్నాం. నవ్వకు. నవ్వుతావని తెలిసే రాస్తున్నా. అక్కడ వేల మందిని ఒక్కసారి వదలరు. గుంపులు గుంపులుగా, గుంపుకోసారి బాణాసంచా కాల్చి పంపుతారు. ఇదివరకటి పరుగుల టైము చూపిస్తే ముందు గుంపులో వేస్తారు, చూపించకపోతే వెనక. వెనక్కి దిగొచ్చి స్నేహితులతో కలవచ్చు గానీ, ముందుకి ఎగబాకడానికి లేదు. మా ఆయన అట్లాంటాలో పరుగెత్తిన టైము ఇచ్చాడు కాబట్టి ఎంతో ముందు గుంపు. త్యాగమూర్తిలా మా దగ్గరికి దిగొచ్చాడు. ఆ త్యాగాన్ని బస్సెక్కినప్పటి నుంచి అందరికీ విడివిడిగా వివరించాడు.

బస్సంటే గుర్తొచ్చింది. అయిదింటికి పరుగు. మూడింటికల్లా బస్సులో ఉండాలి. అంటే రెండింటికి లేవాలి. నేను ఏడింటికి లేవడానికే నువ్వు ఫోను మీద ఫోను కొట్టేదానివి గుర్తుందా? ఈసారి ఫోను అక్కర్లేకపోయింది. వదిన రాత్రంతా పడుకోలేదు, నన్ను పడుకోనివ్వలేదు. ఎవరో ఆవిడకి 2017 సంగతి చెప్పారు. ఆ ఏడు జనవరి 7న ఉరుములూ పిడుగుల భయంతో హాఫ్ మొత్తం రద్దు చేశారు. వచ్చినవాళ్ళు ఊరుకోక, తమ హోటళ్ళ చుట్టూ ప్రదక్షిణలు చేసి 13.1 పూర్తిచేశారు, పతకాలు కూడా ఇచ్చారు. ఇది విన్నప్పటి నుంచి వదిన గంటకోసారి కిటికీ తెర తీసి ఆకాశం చూడడమే. పిడుగు పడుతుందేమోనని భయమనుకున్నా. కాదు. "పడితే బావుణ్ణే. హోటల్ చుట్టూ తిరిగి పతకం పుచ్చుకుని పడుకోవచ్చు" అంది. ఆకాశం నిర్మలంగా ఉంది.

ఫ్లోరిడా కదా అని పల్చటి బనియన్లతో పోతే జనవరి తెల్లవారుజామున, పరుగు మొదలయ్యే ఎప్‌కాట్ పార్కు పార్కింగ్‌లో పళ్ళు టకటకలాడతాయి. అందుకని పాత స్వెట్టర్లు వేసుకొచ్చి, బయలుదేరే ముందు రోడ్డు పక్కన విసిరేస్తారు. అవి ఏరి దానధర్మాలకి పంపుతారట. వదిన అక్కడ ఒక ఊదారంగు స్వెట్టర్ చూసి, "ఒసేయ్, దీనికి గుండీ కూడా ఊడలేదే!" అని ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఇప్పుడు అన్నయ్యగారి వేషం. అందరూ వేషాలతో వస్తారు కదా, పద్నాలుగేళ్ళ పిల్లల నుంచి తాతల దాకా. మా అమ్మాయి యువరాణి వేషం ససేమిరా అంది. అన్నయ్యగారు మాత్రం ఎవరికీ చెప్పకుండా అట్టతో కిరీటం, మెళ్ళో పూసల పేర్లు, కాటుకతో మీసం. ఘటోత్కచుడు! గద వద్దని మేమే కాళ్ళావేళ్ళా పడ్డాం. "డిస్నీవాళ్ళ కోట 1971లో తెరిచారు. మన మాయాబజార్ 1957. మాయలో మనమే సీనియర్లం" అని ఆయన వాదన. ఎస్వీ రంగారావుకి సరిపోయే పొట్ట కూడా ఉందాయె, కాదనలేకపోయాం. తీరా అక్కడ కనిపించిన ప్రతివాడూ "జీనీ! జీనీ!" అని కేకలు. అల్లావుద్దీన్ దీపంలో భూతం అనుకున్నారు. మొదట్లో నిలబెట్టి మహాభారతం చెప్పబోయారు. తర్వాత తర్వాత చెయ్యి ఊపడంతో సరిపెట్టుకున్నారు.

ఇక బెలూన్లు. నువ్వు ఎప్పుడూ వెనక గుంపులో లేవు కాబట్టి నీకు ఈ భయం తెలీదు. మైలుకి 16 నిమిషాలు, అదీ గడువు. గడువుని కాగితం మీద రాసి ఊరుకోరు. అందరికంటే ఆఖర్న, బెలూన్లు కట్టుకున్న ఆడవాళ్ళు సరిగ్గా 16 నిమిషాల లెక్కన నడుచుకుంటూ వస్తారు. చాలా మంచివాళ్ళు, నవ్వుతూ కబుర్లు చెబుతూ వస్తారు. కానీ వాళ్ళు దాటిపోయారంటే, ఆ వెనక బండి వచ్చి నిన్ను ఎక్కించుకుపోవచ్చు. యముడు చిరునవ్వు నవ్వుతూ బెలూన్లు పట్టుకొస్తే ఎలా ఉంటుందో ఊహించు. వాళ్ళ గడియారం ఆఖరి మనిషి గీత దాటాక మొదలవుతుంది కాబట్టి, మన గుంపు ఎంత ముందు బయలుదేరితే అంత వడ్డీ మన ఖాతాలో. ఈ వడ్డీ లెక్క గుర్తుపెట్టుకో, నా టైము దగ్గర పనికొస్తుంది.

అందుకే నడక కలిపిన పరుగు. ఒక నిమిషం పరుగు, అర నిమిషం నడక, మొదటి అడుగు నుంచే. దీన్ని ప్రచారం చేసింది జెఫ్ గ్యాలోవే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తినాయన. డిస్నీ పరుగులకి వచ్చేవాళ్ళకి తర్ఫీదు పాఠాలు కూడా ఆయనవే. "నడిస్తే పరుగెలా అవుతుందే?" అంటావు. అలిసిపోయాక నడవడం కాదిది, అలసట రాకముందే నడవడం. మోకాళ్ళు ఆఖర్న మొరాయించకుండా ఉంటాయి. ఒలింపిక్స్‌కి వెళ్ళినాయన నడవమంటే నడవడానికి నాకేం నామోషీ? నీకుంటే ఉండనీ.

మూడో మైలు దగ్గర మా ఆయన, "బాత్రూమ్‌కెళ్ళొస్తా, మీరు సాగుతూ ఉండండి" అన్నాడు. మళ్ళీ ఆ మహానుభావుణ్ణి చూసింది పరుగంతా అయిపోయాక, మెడలో పతకం, చేతిలో అరటిపండుతో. మా అమ్మాయి కాస్త నయం, అయిదో మైలు దాకా ఉండి, అడిగి మరీ వెళ్ళింది. నువ్వెళ్ళవే అన్నాను. పదిహేనేళ్ళ కాళ్ళని పట్టి ఉంచితే పాపం తగులుతుంది. గడ్డం కుర్రాడైతే మొదటి బాణాసంచాకే మాయం. కారులో పెట్టుకున్న ఒట్టుకి మిగిలింది నేనూ, వదినా, ఘటోత్కచుడూ. నేనొక్కదాన్నే అయితే ఇంకా తొందరగా వెళ్ళేదాన్నే, వదిన కోసం ఆగాను. నువ్వు నమ్మవు. వదిన కూడా నమ్మలేదు.

ఆ కోట ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులోకి వెళ్ళే ముందు రోడ్డు ఒక కాలువ కిందుగా దిగుతుంది. రెండు చెరువుల్ని కలిపే నీళ్ళు నెత్తిమీద, పడవలు పోయే నీళ్ళు, మనం అడుగున. తర్వాత ఒక ఎత్తు ఎక్కి మలుపు తిరిగితే మెయిన్ స్ట్రీట్. ఏమే, ఇక్కడ మాత్రం నీ జాతర మాట వెనక్కి తీసుకోవాల్సిందే. ఇంకా తెల్లారలేదు, వీధికి రెండు వైపులా జనం, ఎదురుగా 189 అడుగుల కోట దీపాల్లో వెలుగుతూ. ఎవరూ మనవాళ్ళు కారు, అందరూ మన కోసమే అరుస్తున్నారు. ఆ గోలలో ఎక్కడో తెలుగులో, "ఇదిగో! ఇటు!" అని. శాలువా, తలకి మంకీ క్యాపు, అత్తయ్యగారు. చిన్నాడి చేతిలో అట్ట. అట్ట మీద ఆవిడ స్వహస్తాలతో: "త్వరగా రండి, పులిహోర చల్లారిపోతోంది." చుట్టుపక్కల అమెరికా వాళ్ళు అదేదో మంత్రమనుకుని దాంతో సెల్ఫీలు దిగారట. వదిన కోసం ఆవిడ మూడింటి నుంచి నిలబడ్డారు. కూతురు దగ్గరకొస్తే కొంగులో మూట విప్పి నువ్వుండ నోట్లో పెట్టి, "నడిచినా పర్లేదు, ఆగకు" అన్నారు. దారిలో ఇచ్చే ఆ జిగురు జెల్ పొట్లాల కంటే సంక్రాంతి నువ్వుండ వెయ్యి రెట్లు నయం. బెల్లం వెంటనే అందుతుంది, కడుపులో తిప్పదు. ఇది మాత్రం పరుగుల పండితులకి చెప్పి తీరాలి.

కోట లోపలి నుంచి, వెనక వైపు దూరి ముందుకొస్తాం. గోడల మీద చిన్న చిన్న గాజుముక్కలతో సిండ్రెల్లా కథంతా కూర్చారు. ఎవరూ చూడరు, అందరికీ బయట ఫొటో తొందర. అన్నయ్యగారు కిరీటం సర్దుకుని, రెండు చేతులూ చాచి, పెళ్ళివిందు ముందు కూర్చున్న ఘటోత్కచుడి నవ్వు నవ్వుతూ బయటికొచ్చారు. చెమటకి అట్ట కిరీటం అప్పటికే ఒక చెవి మీదికి వాలిపోయింది. ఫొటో నీకు పంపాను, చూశావు కదా. అది చూసి నువ్వు పంపిన సమాధానం బయటికి చదవలేదు.

దారి పొడవునా బొమ్మల వేషాలవాళ్ళు నిలబడి ఉంటారు, ఫొటోలకి క్యూలు. అవును, పరుగు మధ్యలో క్యూ! గడియారం నడుస్తూనే ఉంటుంది, మనం నిలబడే ఉంటాం. నీకిది మతిలేని పనిగా కనిపిస్తుంది. నాకు ఫొటోల పిచ్చి అని నీకు తెలుసు, ఆగానా లేదా అని అడగక్కర్లేదు.

ఇప్పుడు దిష్టిచుక్క. కోట దాటాక మిగిలింది చాలావరకు మామూలు పెద్ద రోడ్డే. బ్రోషర్లో కోట ఫొటో వేస్తారు గానీ, పరుగులో ఎక్కువ భాగం ఆ హైవే మీదే. చెట్లు, బోర్డులు, మళ్ళీ చెట్లు. మైలు రాళ్ళ దగ్గర పాటలూ బొమ్మలూ పెట్టారు కాబట్టి సరిపోయింది. ఇంత డబ్బుకి ఇది తక్కువే అని నా తీర్పు, రాసుకో. ఫ్లోరిడా బల్లపరుపు కాబట్టి ఎక్కుడన్నదే ఉండదనుకున్నాం. పదో మైలు దాటాక, కాళ్ళలో ఏమీ మిగలనప్పుడు, రోడ్డు మెలి తిరిగి వంతెన మీదికి ఎక్కుతుంది. అక్కడ టాయ్ స్టోరీ సినిమాలోని ఆకుపచ్చ ప్లాస్టిక్ సైనికుడు నిలబడి, వచ్చేవాళ్ళందరినీ గద్దిస్తుంటాడు. వదినని చూసి, "ఎక్కు, సోల్జర్!" అన్నాడు. వదిన ఆగి, ఆయన కళ్ళలోకి చూసి, తెలుగులో, "నువ్వెక్కు నాయనా" అంది.

ఆ పక్కనే నొప్పి తగ్గించే జెల్లు. వాలంటీర్లు పుల్లల మీద పెట్టి అందిస్తున్నారు. తెల్లగా, చల్లగా, ఐస్ పుల్లల పుల్లే. మన ఘటోత్కచుడు ఏం చేయబోయి ఉంటారో చెప్పు! ఆ అమ్మాయి "నో! నో!" అని ఎగిరి చెయ్యి పట్టుకుంది. పెళ్ళివిందంతా మింగినవాడికి ఇదో లెక్కా అని వదిన అంటే, అందాకా రాని నవ్వు అప్పుడొచ్చి, నవ్వు ఆపుకోలేక నడక కూడా ఆగిపోయి, బెలూన్లు ఎక్కడున్నాయో అని వెనక్కి చూసుకుని మళ్ళీ పరుగు. నాకు తెలిసి మేం ముగ్గురం ఒక్క లయలో పరుగెత్తింది ఆ కాస్త దూరమే.

చివర్న ఎప్‌కాట్‌లో, గీత కనబడే ముందు, అంగీలు తొడుక్కున్న చర్చి గాయకుల బృందం నిలబడి గొంతెత్తి పాడుతుంది. వదిన అక్కడ ఏడ్చింది. మోకాలు నొప్పి అంది. సరే అన్నాను.

3 గంటల 31 నిమిషాలు. చాలా? ఇప్పుడు వేళ్ళు లెక్కపెట్టి, "మైలుకి 16 అంటే మూడున్నర గంటలే కదా, గడువు దాటిందేం?" అంటావు. వడ్డీ లెక్క గుర్తుపెట్టుకోమన్నాను కదా! మేం బెలూన్ల కంటే ఎంతో ముందు బయలుదేరాం. గడువు వాళ్ళ గడియారానిది, మాది కాదు. అందుకే హాఫ్‌కిచ్చే డోనాల్డ్ పతకం నా మెడలో పడింది (ఫుల్‌కి మిక్కీ). మా ఆయన గంటన్నర ముందే వచ్చి కూర్చున్నాడు. "టైము బాగానే వచ్చింది గానీ, నెత్తిమీద మీరు లేక బోరు కొట్టింది" అన్నాడు. ఆ మాటకి పులిహోరలో అతని వాటా తగ్గించాం.

భోగి పొద్దున అందరం మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకునేవాళ్ళమే. వదిన నలుగురికి వినబడేలా, "మా మోకాళ్ళు కొత్తవి అయిపోయాయి" అని చెప్పుకుంటోంది. అబద్ధం, ఆవిడా మెట్ల దగ్గర పక్కకి తిరిగి దిగుతోంది. కానీ రోజూ గ్రీన్‌వేకి వస్తోంది. అన్నయ్యగారు వచ్చేసారికి కిరీటం రేకుతో చేయిస్తానంటున్నారు.

పని మాట చెప్పి ముగిస్తా. వచ్చే జనవరికి పేర్లు వసంతంలో తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో క్యూ, ఆలస్యం చేస్తే అయిపోతాయి. బాబాయిగారి ఆరోగ్యం చూసుకో, తమ్ముడు ఆ పది రోజులు వచ్చి ఉంటాడేమో అడుగు, ఉగాదిలోపు తేల్చి చెప్పు. రానంటే కోపం లేదు. డబ్బు కట్టి రాకపోతే మాత్రం ఈసారి గడ్డంవాడికి నిజంగానే నీ వేషం వేయిస్తా. నేవీ మారథాన్ టైము కాగితం ఒకటి స్కాన్ చేసి పంపు, పనికొస్తే నిన్ను ముందు గుంపులో వేస్తారు. అక్కణ్ణుంచి మా గుంపులోకి దిగొచ్చెయ్. వదిన నిన్ను తన పక్కన నడిపిస్తానని అప్పుడే అందరికీ చెప్పేసింది.

ఉంటాను మరి. బాబాయిగారికి నా నమస్కారాలు.

నీ
నేనే